బోర్డు దగ్గర ఆగే బస్సు

ఆశ్వయుజ శుద్ధ నవమి, బుధవారం. ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు హైమవతి స్కూటర్ ఆచార్య సువర్చల గారి క్వార్టరు ముందు ఆగింది. ఆ పిల్లకు రాత్రి నిద్ర లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలో స్కూటర్ తాళం తిప్పుతూ నిలబడే అడిగింది.

"మేడమ్, ఎవరూ ఎక్కని బస్సు నడిపి, గాలిని కాపాడుతున్నామని యూనివర్సిటీ ఎందుకండీ చెప్పుకోవాలి?"

ఆ బస్సులు పుట్టిందే హైమ మాట మీద. నాలుగేళ్ళుగా ఆమె సువర్చల గారి దగ్గర పొగ లేని రవాణా మీద పరిశోధన చేస్తోంది. ఊరివాళ్ళు కూడా ఉచితంగా ఎక్కేలా రెండు కరెంటు బస్సులు వేయించింది. యూనివర్సిటీ గేటు బయట స్టాపు దగ్గర బోర్డు పెట్టించి, ఎక్కేవాళ్ళను లెక్కపెట్టడానికి దానికి కెమెరా కట్టించింది. నాలుగు నెలల్లో అక్కడ రోజుకి ఇద్దరు కనిపిస్తే గొప్ప. ప్రజలకు అక్కర్లేదని రిపోర్టు రాసేసింది. సోమవారం అది యూనివర్సిటీ పాలకసభకు వెళ్ళిందంటే బస్సులు ఆగిపోతాయి, అవి నిలిపే స్థలంలో కార్ల పార్కింగు వస్తుంది. ఈ చదువే మానేద్దామా అన్నంత దూరం వచ్చేసింది హైమ.

సువర్చల గారు అడిగినదానికి వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. ఆవిడ నోరు విప్పేలోగా అత్తగారు కామేశ్వరమ్మ గారు మడిచీరతో వచ్చి, హైమ చేతిలోంచి తాళం లాక్కున్నారు.

"ఆయుధపూజ నాడు బండి తాళం అలా ఊపుతావేమే తల్లీ! అమ్మవారి దగ్గర పెట్టనీ." పుస్తకాల పక్కన, కారు తాళం పక్కన దాన్నీ పెట్టి కుంకుమ వేసేశారు.

"మామ్మగారూ, నేను ఇంటికెళ్ళాలి!"

"రేపు పొద్దున్న ఉద్వాసన చెప్పాక పట్టుకెళ్ళు. పూజలో పెట్టింది అమ్మవారిదే. అంతదాకా నేను కూడా ముట్టను."

హైమ గురువుగారి వైపు చూసింది. ఆవిడ హారతి పళ్ళెం తుడుస్తూ, "బస్సుంది కదమ్మా" అన్నారు, అంతే.

ప్రసాదం తిని పదకొండున్నరకు గేటు దాటింది. బోర్డు కింద నిలబడింది. చారెడు నీడ లేదు. ఎండ మాడు మీద దిగుతోంది. ఈ స్తంభాన్ని కంప్యూటర్ తెరమీద ఎన్ని వందల సార్లు చూసిందో, దాని కింద నిలబడటం మాత్రం ఇదే మొదలు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ గడియారం చూసుకుంటుంటే, రెండువందల అడుగుల అవతల పంక్చర్ షాపు రేకుల కిందనుంచి కేక వినబడింది.

"ఓలమ్మా, ఆ స్తంభానికి మొక్కుకున్నావేటి? ఇటు రా, నీడకి!"

పిలిచింది హాస్టల్ వంటింట్లో పనిచేసే పైడమ్మ. హైమ వెళ్ళింది. రేకుల కింద బెంచీల మీద, గోనెసంచుల మీద జనం. అలవాటు కొద్దీ లెక్కపెట్టింది. ఇరవై ముగ్గురు.

"మీరంతా ఆటో కోసమా?"

"మరేటి సేత్తాం? ఎప్పుడూ ఇక్కడే ఆగుతాది."

అంతలో తెల్లటి కరెంటు బస్సు చప్పుడు లేకుండా వచ్చింది. ఖాళీ బోర్డు దగ్గర ఒక నిమిషం ఆగి కదిలింది. హైమ రోడ్డు మీదికి ఉరికి చెయ్యి ఊపింది. డ్రైవరు చూశాడు, తల అడ్డంగా ఊపాడు, వెళ్ళిపోయాడు. బోర్డు లేనిచోట ఆపరాదన్న నిబంధన రాసింది హైమే.

పైడమ్మ నవ్వింది. "ఎందుకమ్మా ఆయాసం? అది సదువుకున్నోళ్ళ బండి. మనకాడ ఆగదు."

హైమ మళ్ళీ రేకుల కిందికి వచ్చింది. వచ్చిన ఆటోలో, పొగలో, పైడమ్మ మోకాళ్ళకూ ఒక కూరగాయల బుట్టకూ మధ్య ఇరుక్కుని పద్నాలుగు కిలోమీటర్లు వెళ్ళింది. దారి పొడుగునా ఇరవై ముగ్గురు, ఇరవై ముగ్గురు అని లోపల ఒకటే రొద.

మర్నాడు దశమి. ఏడింటికల్లా హైమ ఆ ఇంట్లో ఉంది, రేకుల కింద చూసిందంతా సువర్చల గారికి చెప్పింది. కామేశ్వరమ్మ గారు మంత్రం చెప్పి కలశం కదిలించారు. ఎవరి వస్తువులు వాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకున్నారు. ఏటా ఆ పూట ఇంటిల్లిపాదీ కారులో ఊళ్ళో గుడికి వెళ్ళడం ఆనవాయితీ. ఈసారి సువర్చల గారు కారు తియ్యలేదు. అత్తగారి చెయ్యి పట్టుకుని, గొడుగు వేసుకుని, నడిచి గేటు దాటి రేకుల కిందికి వెళ్ళారు. వెనకాలే హైమ. పైడమ్మ గబగబా లేచి బెంచీ చీర కొంగుతో తుడిచింది.

కరెంటు బస్సు వచ్చింది, బోర్డు దగ్గర ఆగింది, వాళ్ళ ముందునుంచే ఖాళీగా వెళ్ళిపోయింది.

"తప్పు నాదే మేడమ్" అంది హైమ, కళ్ళు తుడుచుకుంటూ. "నేనే సరిగ్గా లెక్కపెట్టలేదు."

సువర్చల గారు బస్సు పోయిన వైపే చూస్తూ అన్నారు: "నువ్వు లెక్కపెట్టావు, నేను సంతకం పెట్టాను. ఆ బస్సు మాత్రం ఇద్దరిలో ఎవరమూ ఎక్కి చూడలేదు. కాస్త జరుగమ్మా, అత్తయ్యగారిని కూర్చోనీ."