పొయ్యి కింద గుడగుడ

అనగనగా, పల్లె ముదిరి పట్నమైన చోట, ఒక రాజుగారు ఉండేవాడుట. పట్నం నడిమధ్య వాగు పారేది. ఆ బురదంటే ఆయనకి చిరాకు, కప్పెయ్యమన్నాడు. ఇంకేముంది! వాగు మీద బండలు, బండల మీద మట్టి, మట్టి మీద వీధి, వీధి మీద మేడలు, మేడల్లో మనుషులు, మనుషుల నెత్తిన పొగరు! ఆ రాజు పోయాడు, కొడుకొచ్చాడు, మనవడొచ్చాడు. అక్కడ వాగుండేదని చెప్పే నోరే లేకపోయింది.

ఊఁ కొట్టండర్రా, గోడకి చెబుతున్నానా?

ఆ వీధిలో వీరరాఘవమ్మని ఒకావిడ. నోరు పెద్దది, గుండె పిరికిది. ఆవిడ కోడలు నాంచారు, పచ్చి బాలింత. ఆ ఏడు వానలు దంచికొట్టాయి. ఒకనాడు పొయ్యి కింద గుడగుడ, గుడగుడ! అత్తగారు గరిటె పారేసి కెవ్వుమంది. దయ్యమే బాబోయ్, ఈ పిల్లే పుట్టింటి నుంచి వెంటబెట్టుకొచ్చిందంది! భూతవైద్యుడొచ్చి వేపమండలతో నేలని బాదాడు. నేలకేం సిగ్గా? పక్కింట్లో గుడగుడ, ఎదురింట్లో గుడగుడ, ఆఖరికి సభలో సింహాసనం కింద గుడగుడ! రాజుగారు పంచె ఎగ్గట్టి సింహాసనమెక్కి నిలబడ్డాడు. నవ్వకండర్రా, మీరైతే అటకెక్కేవారు. వీరరాఘవమ్మ మాట చెవినపడి, ఆ కోడల్ని పొలిమేర దాటించండి, బిడ్డ మాత్రం వంశానికి ఉండాలన్నాడు రాజు.

అయ్యో, నాంచారుకి పై ప్రాణాలు పైనే పోయాయి. పాలు తాగే బిడ్డని వదిలి ఎక్కడికి పోతుంది? నేల మీద పడి ఏడ్చింది. ఏడుస్తుంటే చెవికి ఆ గుడగుడ తగిలింది. ఓసినీ, ఇది నీళ్ళ చప్పుడు కదూ అనుకుంది. కళ్ళు తుడుచుకుని లేచి, బాలింతని, ఇంకా బావిలో చేద వెయ్యలేదు, పసుపు కుంకుమలిచ్చి నీళ్ళు తోడుకుని ఆ ముచ్చట తీరాక పోతానంది. దానికెవరు కాదంటారు?

పట్నంలో బావులన్నీ ఎప్పుడో పూడ్చేశారు. నీళ్ళున్నది ఊరి బయట కొండవార మడుగులోనే. కొండ నీళ్ళు అందులో పడి, బండల సందున దూరి, ఎటు పోతాయో ఎవరికీ తెలీదు. నాంచారు అక్కడికెళ్ళి గంపెడు పసుపు గుమ్మరించింది. చిటికెడు వేస్తారు గానీ గంపలు బోర్లిస్తారుటే, దీనికి పిచ్చెక్కిందని వెంట వచ్చిన అత్తగారు బుగ్గలు నొక్కుకుంది.

ఇంటికొచ్చారో లేదో, అమ్మో! పొయ్యిలోంచి పచ్చనీళ్ళు! పక్కింట్లో పచ్చనీళ్ళు, ఎదురింట్లో పచ్చనీళ్ళు, సభలో చీలమండల దాకా పచ్చనీళ్ళు! రాజుగారి పాదాలు పెళ్ళికూతురి పాదాల్లా అయ్యాయి. నాంచారు సభకి పరిగెత్తింది.

"దయ్యాలు పసుపు పూసుకుంటాయా మహారాజా?" అంది నాంచారు. "ఇవి నేను పసుపు కలిపిన మడుగు నీళ్ళే. ఏనాడో ఈ వీధి కింద వాగుని కప్పెట్టి ఉంటారు. మేడలు ఖాళీ చేయించండి, పిల్లాజెల్లా ఉన్నారు!"

రాజు దండోరా వేయించాడు. జనం బిలబిలమంటూ గట్టెక్కారో లేదో, భళ్ళున వీధి మొత్తం లోపలికి దిగిపోయింది! మేడలు పోయాయి, మనుషులు మిగిలారు. వీరరాఘవమ్మ బిడ్డని తెచ్చి కోడలి ఒళ్ళో పెట్టింది. "దయ్యం నేల కింద లేదే అమ్మా, నా నోట్లో ఉంది" అని గొల్లుమంది. నాంచారు ఆవిణ్ణి కూడా దగ్గరికి తీసుకుంది.

రాజు ఆ వాగుని మళ్ళీ కప్పలేదు. గట్టుకి అవతల కొత్త వీధి వేయించాడు, అంతా చల్లగా బతికారు. నీళ్ళకి దారిస్తే చుట్టం, అడ్డమొస్తే శత్రువు, తెలిసిందా?

కథేమో కంచి దారి పట్టింది, మీరు దుప్పటి దారి పట్టండి.