పెద్దాయన ఎక్కి వచ్చిన పడవ

చెరియకోయకు ఒళ్లు హూనమైపోయింది. ఒళ్లే కాదు, మనసు కూడా. పడమటి సముద్రంలో ఓ మూలకు విసిరేసినట్టుండే ఆ పగడపు దీవిలో అతనికున్న పని ఒక్కటే. పెద్దాయన పడవకు కాపలా.

పెద్దాయన అంటే ఆ దీవికి మొట్టమొదట మనుషుల్ని వెంటబెట్టుకొచ్చిన పీరు. ఏ కాలం నాటి మాటో ఎవరికీ తెలియదు. ఆయన ఎక్కి వచ్చిన పడవ మాత్రం దర్గా పక్కన కొబ్బరాకుల పాకలో ఉంది. ఇనుప మేకన్నది ఒక్కటీ లేదు. చెక్కలకు బెజ్జాలు పొడిచి, కొబ్బరి పీచు తాడుతో ఒకదానికొకటి కుట్టిన పడవ అది. దీవిలో ఎవరి పెళ్లయినా, కొత్త జంట ముందుగా దాని ముక్కుకు నూనె రాసి మొక్కాల్సిందే.

చెరియకోయ రోజూ దాన్ని తుడిచేవాడు. ఉప్పుగాలికి పాడవకుండా సొరచేప నూనె పట్టించేవాడు. ఆ కంపు ఒంటికి పట్టేసి, వచ్చిన సంబంధాలు కూడా వెనక్కి పోయాయి. అయినా ఎవరైనా పడవ మీద చెయ్యి వేస్తే కసిరేవాడు. "పెద్దాయన చెయ్యి తగిలిన చెక్క ఇది. తెలుసా!" అనేవాడు.

ఓ మధ్యాహ్నం అతను గురువు కాసిం బాబా దగ్గరికి వెళ్లి కూలబడ్డాడు. బాబా దర్గా అరుగు మీద పీచు తాడు పేనుతున్నారు.

"బాబా, ఇక నా వల్ల కాదు. ఎలుకలు, పురుగు, ఉప్పు. ఒక పక్క బాగు చేస్తే ఇంకో పక్క మొదలు. నేను పోయాక దీన్ని ఎవరు చూస్తారన్న దిగులుతో తిన్నది ఒంటబట్టడం లేదు."

"అలసిపోయావా?"

"చచ్చేంత."

"అయితే కూర్చో," అన్నారు బాబా. అంతే, మళ్లీ తాడు పేనడంలో పడ్డారు.

చెరియకోయకు ఉక్రోషం వచ్చింది. ఇంత మొత్తుకుంటే ఇదా జవాబు! కానీ గురువు కదా, నోరు మూసుకుని లేచి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే దీవికి కష్టం వచ్చిపడింది. వానలు మొదలైతే ఆ సముద్రంలోకి ఎవరూ దిగరు. ఆలోగా ఓ పడవ సముద్రం దాటి ఒడ్డుదేశం వెళ్లి బియ్యం తేవాలి. అంత దూరం పోగల పడవ హంజాది ఒక్కటే. బియ్యానికి మారకంగా కొబ్బరి బెల్లం నింపుకుని బయల్దేరిన ఆ పడవ, దీవి దాటకుండానే పగడపు గట్టుకు కొట్టుకుంది. పక్క చెక్క పగిలిపోయింది. మనుషులు ఎలాగో బతికి, దాన్ని ఒడ్డుకు ఈడ్చుకొచ్చారు. ఆ దీవిలో కొబ్బరి చెట్లే గాని పడవకు పనికొచ్చే మాను లేదు. కలప కూడా ఒడ్డుదేశం నుంచే రావాలి.

ఉన్న కలపల్లా పాకలోని పెద్దాయన పడవే. ఆ మాట పైకి అనడానికి అందరికీ భయం. చివరికి హంజాయే తల్లి కదియబీని తీసుకుని వచ్చాడు.

"అన్నా, ఒక్క చెక్క ఇప్పించు."

"నీకు నోరెలా వచ్చిందిరా?" చెరియకోయ గొంతు చిరిగేలా అరిచాడు. "మీ తాతముత్తాతల్ని మోసుకొచ్చిన పడవరా ఇది! నన్ను చంపి తీసుకుపో."

కదియబీ అరవలేదు. ఆవిడకు అంత ఓపిక లేదు. "ఇంట్లో బియ్యం అడుగంటాయి నాయనా. వానలన్నాళ్లూ పిల్లలకు కొబ్బరి ముక్కలే పెట్టమంటావా?"

చెరియకోయ పడవకు అడ్డంగా కూర్చున్నాడు. అతని ఇంట్లోనూ కుండ ఖాళీగానే ఉంది. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, అయినా లేవలేదు.

కబురు తెలిసి బాబా కర్ర ఊతంగా నడుచుకుంటూ వచ్చారు. ఎండకు ఆయాసపడుతున్నారు.

"కాస్త జరుగు నాయనా, నిలబడలేను."

చెరియకోయ జరిగాడు. బాబా అతని పక్కన చతికిలబడి, నడుముకున్న చాకు తీసి, పడవ కుట్టు ఒకటి పుటుక్కున తెంపారు.

"బాబా!" చెరియకోయ ఆయన చెయ్యి పట్టేసుకున్నాడు. "తిట్టండి, కొట్టండి, నచ్చజెప్పండి. ఇది మాత్రం వద్దు!"

"నచ్చజెప్పే ఓపిక లేదురా. దానికన్నా ఇదే తేలిక."

రెండో కుట్టు తెంపారు. మూడోదానికి చాకు జారి వేలు తెగింది. ఆయన ఆ వేలు నోట్లో పెట్టుకుని, ఎడమ చేత్తో మళ్లీ మొదలుపెట్టారు. చెరియకోయ చూడలేకపోయాడు. చాకు లాక్కున్నాడు. ఏడుస్తూ ఏడుస్తూ మిగతా కుట్లు తనే కోశాడు.

చెక్క ఊడి వచ్చింది. బాబా అతని చేతికి ఒక ఆల్చిప్ప ఇచ్చారు.

"అంచున నూనె మడ్డి గీకి ఇవ్వు. లేకపోతే తాడు పట్టదు."

చెరియకోయ గీకాడు. మందపాటి నల్లటి పొర ఊడేకొద్దీ అతని చెయ్యి నెమ్మదించింది. ఇప్పుడు కోసిన కుట్ల బెజ్జాల పక్కనే ఇంకో వరస బెజ్జాలున్నాయి. పీచూ జిగురూ కుక్కి మూసేసిన పాత బెజ్జాలు. ఇంతకుముందు వేరే పడవకు కుట్టిన చెక్క అది.

గబగబా లేచి పడవ దగ్గరికి వెళ్లి, పక్క చెక్క గీకి చూశాడు. అక్కడా అంతే. ఆ పైది గీకాడు. ఒకటి తేనె రంగు, ఇంకొకటి నల్లది. ఏ రెండూ ఒక మానువి కావు.

"బాబా, ఇవన్నీ వేరే పడవల చెక్కలు."

"ఊఁ."

"మీకు తెలుసా?"

"అదిగో, ఆ కింద రెండూ నేనే కుట్టాను. మా గురువుగారు పట్టుకుంటే."

"మరి పెద్దాయనవి?"

బాబా సముద్రం వైపు చూశారు. "ఏ పడవలోనో ఉంటాయి. బియ్యం మోస్తుంటాయి."

 చెరియకోయ చెక్క ఊడిన చోట ఖాళీ చూపించాడు. "ఇది?"

"హంజా వస్తూ కలప తెస్తాడు."

"తేకపోతే?"

"నీకు నూనె పట్టించే పని కొంత తగ్గుతుంది."

బాబా తను పేనిన తాడు చుట్ట హంజా చేతిలో పెట్టారు. హంజా చెక్క భుజానికెత్తుకుని, తల్లితో కలిసి ఒడ్డు వైపు నడిచాడు. చెరియకోయ ఆ ఖాళీలో చెయ్యి పెట్టి చూశాడు. అవతలి నుంచి సముద్రపు గాలి తగిలింది.

చటుక్కున లేచి, చాకు పట్టుకునే పాక బయటికి వచ్చి కేకేశాడు.

"ఒరేయ్ హంజా! ఒక్కటి సరిపోతుందిరా?"