పిలారమ్మ మడమ చప్పుడు

ఫ్లమెంకో డాన్సు నేర్చుకోవడానికి కావలసినవన్నీ ప్రసూన వెంట తెచ్చుకుంది. అయినా గురువు ఆమెను చేర్చుకుంటానని మాత్రం అనలేదు.

"ఈ ఒక్క పూట చూస్తాను. కుదరకపోతే వచ్చిన దారినే పంపించెయ్" అంది పిలారమ్మ నాతో.

స్పెయిన్ దేశంలో, కాదిజ్ రేవులో, పిలారమ్మ డాన్సు క్లాసులో చప్పట్లు కొట్టేవాణ్ణి నేను. అక్కడ చప్పట్లే తాళం. విశాఖపట్నం నుంచి ఓడలో వంటవాడిగా వెళ్ళి, ఒడ్డున దిగుతూనే ఒక్క చప్పట కొట్టాను. రేవులో పావురాలన్నీ లేచిపోయి ఆ వారమంతా కిందికి దిగలేదు. ఇక స్పానిష్ అంటారా, ఆ ఊరి చిలకలు నన్నడిగి ఉచ్చారణ సరిచేసుకునేవి.

ప్రసూనది కాకినాడ. కూచిపూడిలో ఆరితేరిన పిల్ల. అక్కడ తన డాన్సు స్కూలు మూసేసి, నేర్చుకునే తిరిగొస్తానని అందరికీ చెప్పి వచ్చింది.

"ఏమన్నా తక్కువైందేమో చూడండి బాబాయ్" అంటూ పెట్టె తెరిచింది. మడమల కింద చిన్న చిన్న మేకులు కొట్టిన బూట్లు, కుచ్చుల గౌను, విసనకర్ర, చెక్క చిడతలు.

"మంచినీళ్ళ సీసా మర్చిపోయావమ్మా" అన్నాను.

పిలారమ్మ పెట్టెలోకి తొంగి చూసింది. "బూట్లు చాలు. బిగించి కట్టుకో. లోపల కాలు జారకూడదు" అంది.

ఆవిడ అన్నయ్య, పాటగాడు మానోలో, కుర్చీలో కూర్చుని గొంతెత్తాడు. సముద్రంలోకి వెళ్ళి తిరిగిరాని తమ్ముడి కోసం అన్న పాడుకునే పాట అది.

మొదటి అక్షరం నుంచే ప్రసూన కాళ్ళు అందుకున్నాయి. ఎగిరే ఈగ కాళ్ళు లెక్కపెట్టగల కళ్ళు నావి, వాటికే ఆ వేగం అందలేదు. ఆ చప్పుడుకి గోడల సున్నం రాలింది. నా నెత్తినే పడింది కనక ఇందులో అతిశయోక్తి లేదు.

మానోలో సగం చరణంలోనే ఆపేశాడు. తల వంచుకుని కూర్చున్నాడు.

"తాళం తప్పానా బాబాయ్?"

"వెంట్రుకవాసి కూడా తప్పలేదు."

"మరెందుకు ఆపేశాడాయన? మా దగ్గర పాట నడుస్తుంటే అడుగు కూడా నడవాల్సిందే. ఆవిణ్ణి అడగండి."

నేను నోరు తెరవబోయాను. పిలారమ్మ నన్ను చేత్తో వారించి, నువ్వే అడుగు అన్నట్టు ప్రసూనకేసి చూసింది.

ప్రసూన వచ్చీరాని స్పానిష్‌లో మొదలుపెట్టింది. "అమ్మా, నేను..."

టకటకటక. పిలారమ్మ మడమలు.

ప్రసూన ఆగింది. చప్పుడూ ఆగింది.

"నేను కాకినాడ నుంచి..."

టకటకటకటక.

"నా స్కూలు మూసేసి..."

టకటకటక టకటకటక. ఎంత బాగా కొట్టింది మహాతల్లి! ఒక్క దెబ్బా తాళం తప్పలేదు. ప్రసూన మాట మాత్రం ఒక్కటీ వినపడలేదు.

"ఒక్కసారి నా మాట విననే వినరా?" తెలుగులో అరిచేసింది ప్రసూన. కళ్ళనిండా నీళ్ళు.

పిలారమ్మ కాళ్ళు ఆగిపోయాయి. మెల్లగా తల తిప్పి మానోలో వైపు చూసింది.

ప్రసూన కూడా అటే చూసింది. చాలాసేపు చూసింది.

తర్వాత ఆయన దగ్గరికి వెళ్ళి, మనవాళ్ళ పద్ధతిలో రెండు చేతులూ జోడించింది. "ఇంకొక్కసారి పాడండి" అంది. ఆ మాట నేను ఆయనకు స్పానిష్‌లో చెప్పాను.

మానోలో మళ్ళీ ఎత్తుకున్నాడు.

*రొట్టె ఇంకా వేడిగానే ఉంది, తమ్ముడూ, నువ్వే ఇంకా రాలేదు.*

ప్రసూన చేతులు నెమ్మదిగా పైకి లేచాయి. పాదాలు నేలమీద కదిలాయి గానీ చప్పుడు లేదు. పాటలో మొదటి చరణం ముగిసింది. మానోలో ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

ఆ ఖాళీలో ఒకే ఒక్క మడమ దెబ్బ. టక్.

మానోలో తలెత్తాడు. పావురాలను లేపిన నా చేతులు చప్పట్లు కొట్టడం మరిచిపోయాయి.

పిలారమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రెండో చరణం పాడు అన్నయ్యా" అంది. "పిల్ల వింటోంది."