మట్టి గుండ్ల వల

చెంచయ్య కూతురు నాగూరమ్మ సరిగ్గా అన్నం తిని పది రోజులైంది.

ఆరేళ్ల పిల్ల. కడుపు పట్టుకుని మూలన ముడుచుకుని కూర్చుంటోంది. మొహంలో నెత్తురు లేదు. మొన్నటిదాకా వారాల పేర్లు గడగడా చెప్పేది. ఇప్పుడు బుధవారం దగ్గర ఆగి, తర్వాతది ఏమిటా అని వాళ్లమ్మ మొహంలోకి చూస్తోంది.

నాగూరు దర్గాకు మొక్కుకుంటే పుట్టిన బిడ్డ. చెంచయ్య ఆమెను భుజాన వేసుకుని, వల కూడా చంకన పెట్టుకుని, ఉప్పుటేటి గట్టు మీదున్న చిన్న దర్గాకు వచ్చాడు. అక్కడ ఉండే ఫకీరు దస్తగిరి తాత అతనికి గురువు. తొమ్మిదేళ్లుగా ప్రతి గురువారం వచ్చి, వాకిలి ఊడ్చి, తాత కాళ్ల దగ్గర కాసేపు కూర్చుని వెళ్తాడు. తాత ఎక్కువ మాట్లాడడు.

"సామీ, బిడ్డకు గాలి సోకినట్టుండాది. ఒక తాయెత్తు కట్టండి."

తాత పిల్లను దగ్గరకు తీసుకున్నాడు.

"ఏం తల్లీ, నీ పళ్లు చూపిస్తావా? నాకెట్లాగూ లేవు, నీవన్నా చూసుకుంటా."

పిల్ల నవ్వింది. తాత చూపు ఆ నవ్వు దగ్గరే నిలిచిపోయింది.

"ఈ పళ్లతో ఏం పని చేయిస్తా ఉండావయా?"

చెంచయ్య కొంచెం నిటారుగా కూర్చున్నాడు.

"సీసం కొరికిస్తా ఉండా సామీ. పాత బ్యాటరీల సీసం కరగబెట్టి, పలచగా పోసి, బిళ్లలు కోస్తా. వల అంచు తాడుకు బిళ్ల చుట్టి పళ్లతో నొక్కాల. నా పళ్లు వదులైపోయినాయి. దీని పళ్లు సన్నం. ఒక్కసారి కొరికిందంటే ఇంక ఊడదు. ఈ ఏట్లో నా వల పడినంత సమంగా ఎవురి వలా పడదు. అంతా దీని చలవే."

తండ్రి గొంతులో ఆ గర్వం చూడండి. పాపం, తెలియక పడే గర్వం.

తాత వల అంచు నుంచి ఒక బిళ్ల ఊడదీశాడు. లేచి వెళ్లి, సున్నం కొట్టిన దర్గా గోడ మీద దాంతో ఒక గీత గీశాడు. నీలం కలిసిన బూడిద రంగు గీత. తర్వాత వచ్చి, బొటనవేలితో పిల్ల పైపెదవిని మెల్లగా ఎత్తాడు.

పళ్లకూ చిగుళ్లకూ మధ్య, సన్నగా, అదే రంగు గీత.

చెంచయ్య గోడ వంక చూశాడు. పిల్ల నోట్లోకి చూశాడు. మళ్లీ గోడ వంక చూశాడు.

"మా నాయన కూడా కొరికినాడే సామీ..."

"మీ నాయన ఎన్నేళ్లు బతికినాడు?"

చెంచయ్య బిడ్డను దగ్గరకు లాక్కున్నాడు.

"నేను వయసులో గిన్నెలకు సీసం కలిపి కలాయి పూసినోణ్ణి," అన్నాడు తాత. "మా అన్న చిగుళ్ల మీద ఈ గీత చూసినా. అప్పుడు మేమూ తాయెత్తే కట్టినాం. లే. బిడ్డనెత్తుకుని పెద్దాసుపత్రికి పో."

ఆసుపత్రిలో నెత్తురు తీసి చూశారు. నెత్తుట్లో సీసం ఉందన్నారు. మందులు మొదలుపెట్టారు. నయం కావడానికి నెలలు పడుతుందని డాక్టరమ్మ చెప్పింది. "ఇంట్లో సీసం అనేది ఉండకూడదు. మళ్లీ తగిలిందంటే నా మందు ఏమీ చేయలేదు," అని కూడా చెప్పింది.

సీసం కరిగించింది ఇంటి పొయ్యి మీదే కదా. నేలలోనూ, చాపల్లోనూ ఆ పొడి ఉంటుంది. వాళ్లమ్మ పోలమ్మ ఇల్లంతా కడిగి, మళ్లీ అలికేదాకా తాత పిల్లను తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఆ గురువారం చెంచయ్య వాకిలి ఊడవలేదు. వలను తాత ముందు పడేసి కూర్చున్నాడు.

"సీసం తీసేస్తే వల తేలుద్ది సామీ. వల తేలితే నా పొయ్యి వెలగదు. మందులుండాయి, బిడ్డకు పాలుండాయి. నన్నేం చేయమంటారు?"

తాత తడి మట్టి ముద్ద ఒకటి ముందేసుకుని గుండ్లు చేయడం మొదలుపెట్టాడు. ఒకటి వంకాయంత వచ్చింది. ఇంకొకటి రేగ్గింజంత. బెజ్జం ఒకదానికి మధ్యలో ఉంటే, ఒకదానికి పక్కన పడింది. అన్నీ తీసుకెళ్లి మిట్టమధ్యాహ్నపు ఎండలో పెట్టాడు. అవి టప్ టప్ మని బీటలిచ్చాయి. తాత మళ్లీ మొదలుపెట్టాడు.

చెంచయ్య చూశాడు, చూశాడు. ఇంక ఓర్చుకోలేకపోయాడు.

"అట్టా కాదు సామీ! ఎండలో పెడితే పగలవా? మా అవ్వ వల గుండ్లను నీడన ఆరబెట్టేది."

"ఓహో. ఇంకేం చేసేది మీ అవ్వ?"

"ఊక బూడిద కలిపేది. కొబ్బరి ఈనె చుట్టూ మట్టి మెత్తి, అరచేతుల్లో దొర్లించి, ఈనె లాగేసేది. ఇట్టియ్యండి. మీకు చేతకాదు."

పొద్దు వాలేసరికి మట్టి చెంచయ్య చేతుల్లో ఉంది. తాత గోడకానుకుని కళ్లు మూసుకున్నాడు. మరిచిపోయామనుకున్న పని చేతుల్లో ఎక్కడ దాక్కుంటుందో ఏమో!

నాలుగు రోజులు నీడన ఆరాయి. పిడకలూ ఊకా పేర్చి కాల్చితే ఎర్రగా వచ్చాయి. గోటితో కొడితే ఖంగుమన్నాయి. చెంచయ్య వలకున్న సీసమంతా కోసి, పాత గుడ్డలో మూటకట్టి, ఏట్లో విసరబోయాడు.

తాత ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఏటికి మాత్రం బిడ్డలు లేరా?"

ఆ మూట డబ్బాలోకి పోయింది. మూత బిగించి, ఆసుపత్రివాళ్లు చెప్పిన చోట అప్పగించి వచ్చాడు. తర్వాత కూర్చుని మట్టి గుండ్లు ఒక్కొక్కటే అంచు తాడుకు ముడివేయసాగాడు. సగం అయ్యాక తలెత్తాడు.

"సామీ, బిడ్డకు తాయెత్తు సంగతి మీరు మరిచిపోయినారు."

"నువ్వు కడతా ఉండేది ఏందనుకున్నావు?"

చెంచయ్య తల దించుకుని తర్వాతి ముడి వేశాడు.

మరునాడు పొద్దున్నే ఏటికి పోయి వల విసిరాడు. గుండ్రంగానే విచ్చుకుంది. గుండ్రంగానే పడింది. కానీ దిగడమే, అలిగినవాళ్లు అన్నానికి కూర్చున్నట్టు, మెల్లగా దిగింది. అడుగుకు చేరేలోపల పెద్ద చేపలు జారుకున్నాయి. నాలుగు జెల్లలు, గుప్పెడు రొయ్యలు మిగిలాయి.

పక్క దోనెలో మస్తానయ్య పగలబడి నవ్వాడు.

"చూడండ్రా, చెంచయ్య మామ వల ఈత నేర్చుకుంటా ఉండాది! మామా, మునగను అంటే బతిమాలుకోవాల!"

అందరూ నవ్వారు. ఏట్లో మొనగాడు అనిపించుకున్న మనిషి. బుట్ట తీసుకుని తిన్నగా దర్గాకు వచ్చాడు. చెప్పులు కూడా విడవకుండా వాకిట్లోనే నిలబడ్డాడు.

"నావల్ల కాదు సామీ. మట్టి మట్టే. వల ఆలస్యంగా దిగుతా ఉండాది. ఊరంతా నవ్వతా ఉండారు."

"ఎంత ఆలస్యం?"

"ఎంతో లేదు. ఒక ఊపిరి సేపు. ఆ ఊపిరి సేపట్లోనే చేప పోతా ఉండాది!"

తాత లేచాడు. చెంచయ్య చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. చెప్పులు గడప దగ్గర వాటంతటవే ఊడిపోయాయి. చాప మీద నాగూరమ్మ నిద్రపోతోంది. తాత ఆ తడి చేతిని పిల్ల రొమ్ము మీద పెట్టించాడు.

రొమ్ము మెల్లగా లేచింది. మెల్లగా దిగింది.

"ఇంత సేపేనా?" అన్నాడు తాత.

చెంచయ్య చెయ్యి తీయలేదు.