వీరభద్రప్ప కుడి చెంప

రెండు రోజుల్లో మూడోసారి సుంకన్న ఆ టీవీ వెనక మూత బిగించాడు. మూడోసారి కూడా ఈరమ్మ తల అడ్డంగా ఊపింది.

"కాదు నాయనా. ఈయన మా ఆయన కాదు."

ఆదోనిలో కలర్ టీవీలు కొత్తగా వచ్చినప్పుడు ఆమె భర్త, లారీ డ్రైవరు వీరభద్రప్ప, ముచ్చటపడి కొన్న చెక్కపెట్టె టీవీ అది. ఆయన పోయాక పదేళ్లు దుప్పటి కప్పుకుని మూలన కూర్చుంది. ఆయనకు ఫొటోలంటే బిడియం, ఒక్కటీ దిగలేదు. కూతురి పెళ్లి క్యాసెట్లో మాత్రం, భోజనాల పంక్తిలో మజ్జిగ వడ్డిస్తూ కాసేపు కనిపిస్తాడు. ఆ కాసేపు కోసమే ఈరమ్మ టీవీ బాగుచేయమంది.

సుంకన్న మౌలాలి ఉస్తాద్ దగ్గర తొమ్మిదేళ్లుగా టీవీ రిపేరు పని చేస్తున్నాడు. ఇక సొంత షాపు పెట్టుకుంటానని అడిగితే ఉస్తాద్ అవుననలేదు, కాదనలేదు. "ఈరమ్మక్క టీవీ చేసి రా, మాట్లాడదాం" అన్నాడు. ఇంత సులువైన పరీక్షా అని సుంకన్న లోలోపల నవ్వుకున్నాడు కూడా.

నిజానికి అతని పనికి వంక పెట్టడానికి లేదు. అరగంట సేపు టీవీని వేడెక్కనిచ్చాడు. తెర మీది రంగు మరకలు పోయేదాకా దాని ముందు అయస్కాంతపు కాయిల్ తిప్పాడు. రంగు మొత్తం తీసేసి, నలుపు తెలుపు సరిచేసుకుని, ఆ తర్వాతే రంగు ఎక్కించాడు. తిప్పే స్క్రూలు వెనక ఉంటాయి, బొమ్మ ముందు ఉంటుంది. అందుకని ఎదురుగా కుర్చీలో అద్దం ఆనించి, అందులో బొమ్మ చూసుకుంటూ తిప్పాడు. తెల్లపంచె తెల్లగా, మామిడాకు పచ్చగా కనిపిస్తున్నాయి. ఇంకేం కావాలి?

"రంగులు కొలిచే మిషన్ పెట్టి చూసినాను పెద్దమ్మా. రంగులన్నీ సరిగ్గానే ఉన్నాయి. చానా ఏండ్లయింది గదా, నీకే గుర్తు లేదేమో."

అనేశాక సుంకన్నకే బాగోలేదు. ఈరమ్మ కొంగుతో టీవీ మీది దుమ్ము తుడిచింది. అక్కడ దుమ్మేమీ లేదు.

ఆ మాట గుమ్మం దగ్గర మౌలాలి చెవిన పడింది. ఎంతవరకు వచ్చిందో చూసిపోదామని వచ్చాడాయన. తిట్లు తప్పవని సుంకన్న తల వంచుకున్నాడు. ఆయన తిట్టలేదు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, కుర్చీలోని అద్దం తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఇక్కడ కూచో అక్కా" అని ఈరమ్మను ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. "నువ్వు వెనక్కి పోరా. మూత విప్పు."

"అద్దం లేకుంటే నాకు బొమ్మ కనపడదు ఉస్తాద్."

"వీరభద్రప్పను నువ్వు చూసినావా?"

"లేదు."

"చూసినామె కుర్చీలో ఉంది. అడుగు."

మౌలాలి వీసీఆర్లో క్యాసెట్ వెనక్కి తిప్పి పెట్టాడు. సుంకన్న టీవీ వెనక గొంతుక్కూర్చుని, కాస్త సిగ్గుపడుతూ అడిగాడు. "ఎట్లున్నాడు పెద్దమ్మా?"

"పెండ్లికొడుకు మాదిరి ఎర్రగా ఉన్నాడు. పెండ్లి అల్లునిది, ఈయనది కాదు."

మౌలాలి కిసుక్కున నవ్వాడు. సుంకన్న ఎరుపు స్క్రూ కొంచెం వెనక్కి తిప్పాడు.

"ఇప్పుడు జరమొచ్చి లేసినట్ల ఉన్నాడు."

సగం ముందుకు తిప్పాడు. క్యాసెట్ మళ్లీ వెనక్కి వెళ్లింది. వీరభద్రప్ప మళ్లీ మజ్జిగ బకెట్టుతో వచ్చాడు. అలా ఎన్నిసార్లు వచ్చాడో లెక్కలేదు.

"మా ఆయనకు రెండు చెంపలూ ఒక రంగు కాదు నాయనా" అంది ఈరమ్మ ఉన్నట్టుండి. "లారీ కిటికీ కుడి పక్క గదా. ఆ చెంప ఎండకు మాడిపోయింది. నేను ఎగతాళి చేసేదాన్ని. దీంట్లో రెండూ ఒకటే మాదిరి ఉన్నాయి."

ఆ సంగతి ఏ మిషనూ సుంకన్నకు చెప్పలేదు. తెర వెలుతురు తగ్గించాడు. ఎరుపును వెంట్రుకవాసి కదిపి ఆగాడు. ఇంకో వెంట్రుకవాసి కదిపాడు.

"బకెట్టు ఒలుకుతా ఉంది, చూసుకో" అంది ఈరమ్మ.

ఆమె సుంకన్నతో అనలేదు. అతను టీవీ పక్కనుంచి తొంగి చూశాడు. తెర వెలుగు ఆమె మొహం మీద కదులుతోంది. కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి నవ్వుతోంది.

మౌలాలి చంకలోని అద్దం తీసి అతని వైపు పట్టాడు. "చూస్తావా?"

సుంకన్న స్క్రూ మీంచి చెయ్యి తీసేశాడు. "పెద్దమ్మ చూసింది గదా ఉస్తాద్."

"అయితే షాపు బోర్డు రాయించుకో" అని మౌలాలి ఆ అద్దాన్ని అతని సంచిలో పెట్టాడు.