అమీనుగారి వీధి తలుపు

ఇంటిపన్ను గడువు దాటకుండా రాబట్టడంలో తనను మించినవాడు రాజ్యంలోనే లేడని అమీను గవర్రాజు నమ్మకం. తనుండే ఇంటికి మాత్రం ఆర్నెల్లుగా అద్దె కట్టలేదు. అటుకులు అమ్ముకునే పోలమ్మ ఇల్లది. ఆవిడ అమీనునే అడుగుతుందా అని ఆయన ధీమా.

అడగలేదు కూడా. ఒకనాడు చేతులు కట్టుకుని వచ్చి, "బాబూ, ఒకాయన నాకు అద్దె బాకీ. దమ్మిడీ రాల్చడు. అది రాకపోతే తమరికి పన్ను కట్టలేను, నా ఇల్లు జప్తవుతుంది. తమరెలా వసూలు చేస్తారో కాస్త చెబుదురూ," అంది.

ఆ ఒకాయన ఎవరన్న ఆలోచనే రాలేదు గవర్రాజుకు. సలహా అడిగితే చాలు, పాయసం తాగినట్టుంటుంది ఆయనకు.

"పిచ్చిదానా, వీధి తలుపు ఊడబీకి పట్టుకుపో. సాయంత్రానికల్లా తెచ్చిస్తాడు."

"పెద్దమనిషి బాబూ."

"అయితే ఇంకా తొందరగా ఇస్తాడు. పరువు కదా."

మర్నాడు మధ్యాహ్నం దివాణం నుంచి భోజనానికి వచ్చేసరికి ఇంటికి తలుపు లేదు. ఊరకుక్క ఒకటి ఆయన పరుపు మీద పడుకుని, నువ్వెవరన్నట్టు చూసింది. వీధి జనమంతా లోపలికి తొంగి చూస్తున్నారు.

తిడదామని పోలమ్మ గుమ్మందాకా వెళ్లి ఆగిపోయాడు. ఏమని తిడతాడు? చెప్పింది తనే. నవ్వొచ్చింది. ఆర్నెల్ల అద్దె ఆవిడ చేతిలో పెట్టాడు.

"తమరి సలహా గొప్పది బాబూ. ఇంకా సాయంత్రం కూడా కాలేదు," అంది పోలమ్మ.

తలుపు నెత్తిన పెట్టుకుని ఇంటికి నడిచాడు. అప్పట్నుంచీ ఎవరు సలహా అడిగినా, "ముందిది చెప్పు, నీ ఇంట్లో నేనేమన్నా అద్దెకుంటున్నానా?" అనేవాడు.