గంగరాజు తీర్చిన కోరిక

రామచంద్రపురంలో గంగరాజు అనే చీరల కొట్టు ఆయన ఉండేవాడు. ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగడం అతని వల్ల అయ్యేది కాదు. ఆ జబ్బు నాకూ ఉంది. ఈ కథ మా ఆవిడ మొదలుపెట్టింది. సగంలో లాక్కుని నేను చెబుతున్నాను.

కొట్లో అతనికి ఆ గుణం కలిసొచ్చింది. వచ్చినావిడ "ఎర్రంచు..." అనేలోపే చాపంతా చీరలు పరిచేసేవాడు. రవిక గుడ్డ కోసం వచ్చిన మనిషి పట్టుచీరతో ఇల్లు చేరేది. చిక్కంతా ఇంట్లోనే వచ్చింది.

అతని భార్య సత్యవేణికి తొలి కాన్పు. ఐదో నెల వచ్చేసరికి ఆమెకు మాట తగ్గిపోయింది. అన్నం కెలికి వదిలేసేది. కిటికీ దగ్గర కూర్చుంటే కూర్చున్నట్టే ఉండేది.

"ఏవండీ, నాకెందుకో..." అంది ఓ రోజు.

"పుల్లగా తినాలనుందా? చెప్పవేం మరి!" అని గంగరాజు సంచీ పట్టుకుని పరిగెత్తాడు.

అతని తల్లి పేరంటాలమ్మ ఇంకాస్త ఎగదోసింది. "కడుపుతో ఉన్నదాని కోరిక తీరకపోతే పుట్టే బిడ్డకి చెవి కారుతుందిరా!"

ఇక చూసుకోండి. ఉసిరికాయలు వచ్చాయి, కాజాలు వచ్చాయి, పూతరేకులు వచ్చాయి. కాలం కాని కాలంలో సీతాఫలం కోసం రాజమండ్రి దాకా వెళ్ళొచ్చాడు మహానుభావుడు. సత్యవేణి "వద్దండీ" అంటే మొహమాటం అనుకునేవాడు. కళ్ళు తుడుచుకుంటే "ఏడవకూడదే, బిడ్డకి మంచిది కాదు" అనేది అత్తగారు. పాపం, ఆమెకు కూర్చుని ఏడవడానికి కూడా ఇంట్లో చోటు లేదు. ఉన్న చోటంతా పళ్ళబుట్టలే.

చివరికి ఒక ఉదయం సత్యవేణే పిలిచింది. "నాకో కోరిక ఉందండీ. తీరుస్తారా?"

గంగరాజు మొహం వెలిగిపోయింది. "చెప్పు! ఏ ఊళ్ళో దొరుకుతుంది?"

"ఆ సంచీ కింద పెట్టండి. ఇలా కూర్చోండి. నేను చెప్పడం అయ్యేదాకా మీరు నోరెత్తకూడదు. అంతే."

"ఇదేం కోరికే తల్లీ!" అంది పేరంటాలమ్మ.

"తీరకపోతే చెవి కారుతుంది కదా, అత్తయ్యా," అంది సత్యవేణి.

ఇంక తప్పుతుందా? కూర్చున్నాడు.

"ఇంట్లో అందరికీ సంతోషంగా ఉంది. నాకే ఆ సంతోషం రావడం లేదండీ. తెల్లారుతోందంటే భయం. బిడ్డ కదిలినా నాకేమీ అనిపించడం లేదు. నేను చెడ్డదాన్నేమో..."

గంగరాజు నోరు దానంతటదే తెరుచుకుంది. ఓ ఓదార్పు, నాలుగు సలహాలు నాలుక మీద సిద్ధంగా ఉన్నాయి. చటుక్కున పక్కనున్న కాజా తీసి తన నోట్లోనే కుక్కుకున్నాడు.

"ఒక్కోసారి, నేను లేకపోతేనే మేలనిపిస్తోంది," అంది ఆమె.

కాజా గొంతు దిగలేదు. అతను ఆమె చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

ఆ పూట కొట్టు తెరవలేదు. ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

"ఎలా ఉందమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"తిండి సరిగా..." అని గంగరాజు అందుకున్నాడు.

"కడుపుతో ఉన్నది మీరా?" అంది డాక్టరమ్మ. తర్వాత సత్యవేణి చెప్పిందంతా నిదానంగా విన్నది. "ఇది చెడ్డతనం కాదమ్మా, దిగులు జబ్బు. ఈ సమయంలో చాలామందికి వస్తుంది. వైద్యం ఉంది, తగ్గుతుంది. ఆ లేకపోతేనే మేలన్న ఆలోచన మళ్ళీ వస్తే మాత్రం వెంటనే చెప్పాలి. మీరు ఆమెను ఒంటరిగా వదలకండి."

ఒక్కరోజులో తగ్గలేదు. గంగరాజు రోజూ కొట్టు కట్టేసి వచ్చి ఆమె పక్కన కూర్చునేవాడు. కొన్ని రోజులు ఆమె మాట్లాడేది, కొన్ని రోజులు మాట్లాడేది కాదు. అయినా కూర్చునేవాడు. ఓ సాయంత్రం పేరంటాలమ్మ కూడా వచ్చి చతికిలబడింది. "వీడు కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇలాగే ఉండేదే," అంది. "ఎవరడిగారు నన్ను?"

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. ఏడుపు వినగానే సత్యవేణి చేతులు చాచింది. పిల్ల చెవులు శుభ్రంగా ఉన్నాయి. "అన్ని కోరికలూ తీర్చాను మరి!" అనబోయిన గంగరాజు, భార్య ఏదో చెబుతోందని ఆగాడు.

ఇక్కడ మా ఆవిడ కూడా ఇందాకటి నుంచి ఏదో అంటోంది. ఆగి విన్నాను. నీతి తను చెబుతుందట. చెప్పనిచ్చాను.

కడుపుతో ఉన్న మనిషి దిగులుగా ఉందంటే, ఏం తెచ్చిపెట్టాలా అని పరిగెత్తేముందు పక్కన కూర్చుని ఆమె మాట చివరిదాకా వినాలి.